చేతిలో ఒకటి: ఇంటిలో నేర్పే కూడికపై ఒక విమర్శ

పసిపిల్లలకు లెక్కలు నేర్పే పని బడితో ముగిసేది కాదు. దీపాలు పెట్టే వేళకు ప్రతి ఇంటిలోను ఒక పలకో, ఒక నోటుపుస్తకమో బయటికి వస్తుంది. దాని ముందు ఒక పిల్లవాడు, పక్కన తల్లో, తండ్రో, పై తరగతి చదివే అక్కో కూర్చుంటారు. నెల్లూరు పట్టణపు వీధులలోనైనా, సముద్రపు ఒడ్డునున్న మైపాడు, కోడూరు, తుమ్మలపెంట వంటి గ్రామాలలోనైనా ఈ ఏర్పాటులో పెద్ద భేదం లేదు. అంతవరకు వేళ్ళమీద లెక్కించి నెట్టుకువచ్చిన బిడ్డకు ఒకనాడు రెండంకెల కూడిక ఎదురవుతుంది. ఇరవై ఎనిమిదికి పదిహేడు కలపవలసి వచ్చినప్పుడు వేళ్ళు చాలవు. అప్పుడు పెద్దలు అందించే మంత్రం ఒక్కటే: “ఎనిమిదీ ఏడూ పదిహేను. అయిదు వెయ్యి, చేతిలో ఒకటి ఉంచుకో. రెండూ ఒకటీ మూడు, చేతిలో ఒకటి నాలుగు. నలభై అయిదు.”

సమాధానం సరిగానే వచ్చింది. అయితే ఆ మంత్రంలోని మాటలు సరియైనవేనా? చేతిలో ఉంచుకొన్నది ఒకటి కాదు, పది. “రెండూ ఒకటీ” అని కలిపినవి రెండూ, ఒకటీ కావు, ఇరవై, పది. పెద్దవారికి ఈ సంగతి తెలుసు కాబట్టి వారికి ఈ సంక్షేపం వల్ల హాని లేదు. పిల్లవానికి మాత్రం ఇది తెలియదు. వానికి తెలియవలసిన విషయం కూడా సరిగ్గా ఇదే. నేర్పవలసిన ముఖ్యాంశాన్ని దాచిపెట్టి, దాని నీడను మాత్రం కంఠస్థం చేయించడం ఈ పద్ధతిలోని లోపం. ఆ లోపం ఎక్కడ పుట్టింది, దాని ఫలితమేమిటి, ఇంటిలోనే దానిని సరిదిద్దడం ఎలా అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

తప్పులు చెప్పే సంగతి

ఇరవై ఎనిమిదికి పదిహేడు కలపమంటే పిల్లలు చేసే తప్పులు ప్రధానంగా రెండు. కొందరు 35 అని వేస్తారు. వీరు చేతిలోని ఒకటిని మరిచిపోయినవారు. మరికొందరు ఎనిమిదీ ఏడూ పదిహేనును పూర్తిగా కింద వేసి, దానికి ఎడమవైపున మూడు వేసి, 315 అంటారు. ఈ రెండింటికీ పెద్దల మందు ఒకటే: “చేతిలో ఒకటి మరిచావు, మళ్ళీ చెయ్యి.”

కాని ఈ రెండు తప్పులకు మూలం జ్ఞాపకశక్తి కాదు. 35 అన్న పిల్లవాడు ఇరవై ఎనిమిదికి పది కలిపితేనే ముప్పై ఎనిమిది అవుతుందని, పదిహేడు కలిపితే అంతకంటె తక్కువ రావడానికి వీలులేదని గమనించలేదు. 315 అన్న పిల్లవాడు ముప్పైలోపు సంఖ్య ఒకటి, ఇరవైలోపు సంఖ్య ఒకటి కలిస్తే యాభైకి కూడా చేరవని గమనించలేదు. వారి దృష్టిలో కాగితం మీద ఉన్నవి సంఖ్యలు కావు, ఒకదాని కింద ఒకటి పేర్చిన అంకెలు. అంకెలకు వాటి స్థానాన్ని బట్టి వచ్చే విలువ, అనగా స్థానవిలువ, వారి మనస్సులో ఇంకా ఏర్పడలేదు. ఏర్పడని దానిని జ్ఞాపకం చేసుకోమనడం వ్యర్థం.

ఇది చిన్న తప్పే గదా, పెరిగితే అదే సర్దుకొంటుంది అనేవారున్నారు. గ్రామీణ బాలబాలికల చదువును ఇంటింటికి వెళ్ళి పరీక్షించే ‘అసర్’ సర్వే 2005 నుంచి జరుగుతున్నది. అందులో పరీక్షించే లెక్కలలో ఒకటి పదిని విడదీసి అప్పు తెచ్చుకోవలసిన రెండంకెల తీసివేత. 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల మూడో తరగతి పిల్లలలో ఈ లెక్క చేయగలిగినవారు 33.7 శాతం. కూడికలో పదిని కట్టడం ఎంతో, తీసివేతలో పదిని విప్పడం అంతే. కట్టడం అర్థం కానివానికి విప్పడం అర్థం కాదు. ఆ తర్వాత గుణకారం, భాగహారం, దశాంశాలు వరుసగా అగమ్యగోచరమవుతాయి. లెక్కలంటే భయపడే విద్యార్థి ఆ భయాన్ని పదో తరగతిలో సంపాదించుకోడు. తన ఆలోచనకు సంబంధం లేని ఒక ఆజ్ఞను పాటించకపోయినందుకు తిట్టు తిన్ననాడే దానికి బీజం పడుతుంది.

పద్ధతిలోని మంచి

విమర్శ న్యాయంగా ఉండాలంటే ఈ పద్ధతికి ఉన్న గుణాలను కూడా చెప్పాలి. కుడివైపు నుంచి నిలువుగా కూడే పద్ధతి చాలా పొదుపైనది. వేసిన అంకెను చెరిపే పని ఉండదు. రెండంకెల సంఖ్యకైనా పన్నెండంకెల సంఖ్యకైనా ఒకే సూత్రం చాలును. సిరాతో కాగితం మీద లెక్కలు వ్రాసే గుమాస్తాకు ఇంతకంటె అనుకూలమైన ఉపాయం లేదు. కాని ఏడేళ్ళ బిడ్డ గుమాస్తా కాడు. పన్నెండంకెల పద్దును తప్పులేకుండా కూడడం వానికి అవసరం కాదు. ఇరవై ఎనిమిది అంటే ఎంతో తెలుసుకోవడం అవసరం.

కుడినుంచి మొదలుపెట్టడమే శాస్త్రసమ్మతమని, ఎడమనుంచి కూడితే తప్పని చాలామంది తలిదండ్రుల నమ్మకం. దీనికి ఆధారం లేదు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రచించిన ‘లీలావతి’లో సంకలన విధానాన్ని చెబుతూ, అంకెలను వాటి వాటి స్థానాలననుసరించి క్రమంగానైనా, వ్యుత్క్రమంగానైనా, అంటే ఏ చివరనుంచైనా, కూడవచ్చునన్నాడు. ఆనాటి గణకులు ధూళి పరచిన పలకమీద లెక్క చేసేవారు. ముందుగా పెద్ద స్థానాలను కూడి, తర్వాత చిన్న స్థానాలనుంచి వచ్చిన పదిని కలపవలసి వస్తే మొదటి అంకెను వేలితో చెరిపి కొత్త అంకె వేసేవారు. చెరపడం సులభమైనచోట ఎడమనుంచి కూడడం సహజం. చెరపడం కష్టమైన కాగితం వచ్చాక కుడినుంచి కూడడం సౌకర్యం. ఇది ఉపకరణాల భేదమే గాని సత్యాసత్యాల భేదం కాదు. ఇసుకకు కొరతలేని సముద్రతీరాన పిల్లల చేత ఇసుకలో లెక్క చేయించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

తెలుగు సంఖ్యల పేర్లలో దాగిన గణితం

ఎడమనుంచి, అనగా పదులనుంచి, మొదలుపెట్టడానికి తెలుగు బిడ్డకు మరొక బలమైన కారణముంది. తెలుగులో సంఖ్యను పలికే తీరే అది. ‘ఇరవై ఎనిమిది’ అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు వెనుక వస్తాయి. ఇరవై మొదలు తొంభై తొమ్మిది వరకు ఈ నియమానికి భంగం లేదు. హిందీలో అలా కాదు. అక్కడ ముప్పై రెండు ‘బత్తీస్’. రెండు ముందు, ముప్పై వెనుక, అదీ రూపం మారి. ఇరవై తొమ్మిది ‘ఉన్‌తీస్’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. వందలోపు పేర్లను ఇంచుమించు ఒక్కొక్కటిగా కంఠస్థం చేయాలి. ఇంగ్లీషులో ‘ఎలెవెన్’, ‘ట్వెల్వ్’ అన్న మాటలలో పది జాడ వినపడదు. ‘సెవెన్‌టీన్’లో ఏడు ముందు పలుకుతుంది. తెలుగులో పదకొండు, పదమూడు, పధ్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు అన్నప్పుడు ప్రతిసారి పది చెవిన పడుతూనే ఉంటుంది. పన్నెండు, పందొమ్మిది వంటి మాటలలో రూపం కొంచెం మారినా మొదటి అక్షరం దాని గుర్తు.

ఇరవై పైబడిన పేర్లలో కూడా పది ఉంది. వాడుకలో అరిగిపోయి కనబడడంలేదు, అంతే. పాత దస్తావేజులలో, పంచాంగాలలో కనిపించే రూపాలు ఇరువది, ముప్పది, నలువది, ఏబది, అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది. ఇరువది అంటే రెండు పదులు, ముప్పది అంటే మూడు పదులు, నలువది అంటే నాలుగు పదులు. ఈ పాత రూపాలను ఒకసారి పిల్లవానికి వినిపించి, “ఇందులో పది ఎక్కడుందో పట్టుకో” అంటే, సంఖ్యల పేర్లు వానికి బట్టీపట్టవలసిన శబ్దాలుగా గాక అర్థమున్న మాటలుగా కనిపిస్తాయి. దీనికి ఖర్చు లేదు, పుస్తకం అక్కరలేదు.

సంఖ్యానామాల ప్రభావాన్ని శాస్త్రజ్ఞులు కూడా పరిశీలించారు. 1980 దశాబ్దపు చివర ఐరీన్ మియురా, ఆమె సహచరులు అమెరికా, చైనా, జపాను, కొరియా పిల్లలకు పదుల కడ్డీలు, ఒకట్ల ఘనాలు ఇచ్చి, నలభై రెండు వంటి సంఖ్యలను పేర్చి చూపమన్నారు. ‘నాలుగు పదులు రెండు’ అని పలికే భాషల పిల్లలు ఎక్కువగా నాలుగు కడ్డీలు, రెండు ఘనాలు తీసుకొన్నారు. అమెరికా పిల్లలలో ఎక్కువమంది ముందుగా ఒక్కొక్క ఘనాన్నే నలభై రెండుసార్లు లెక్కపెట్టారు. ఈ తేడా అంతా భాష వల్లనే వచ్చిందనలేము. ఆయా దేశాల బోధనలో, ఇంటి అలవాట్లలో భేదాలున్నవి. కాని పదిని వినిపించే మాటలు పదిని చూడడానికి తోడ్పడతాయన్నది యుక్తమైన ఊహ.

ఇప్పుడు ఇంటిలో జరుగుతున్నదేమిటి? బడిలో చదువు ఇంగ్లీషు మాధ్యమమైనందువల్ల ఇంటిలో కూడా లెక్కను ఇంగ్లీషులోనే చెప్పాలని తల్లి తంటాలు పడుతుంది. తనకు బాగా వచ్చిన మాటలను విడిచి, తనకే పట్టుబడని మాటలతో కూడిక నేర్పబోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇటీవలి సంవత్సరాలలో ఒక పుట ఇంగ్లీషులోను, ఎదుటి పుట తెలుగులోను ఉండేటట్లు అచ్చవుతున్నవి. ఎదుటి పుటను విప్పి చూడడానికి సంకోచపడవలసిన పనిలేదు. మొదట తెలుగులో పదులను గుర్తించిన బిడ్డకు తర్వాత ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవడం కొత్త మాటలు నేర్చుకోవడమే. పది అంటే తెలియని బిడ్డకు అవి రెండింతల బరువు.

ఎక్కాల పుస్తకం, పాత కొలతలు

ఇంటి లెక్కలకు తెలుగువారి పాత ఆధారం ఎక్కాల పుస్తకం. 1832లో పుదూరి సీతారామశాస్త్రి రచించిన ‘బాలశిక్ష’, దానిని పెంచి వెలువడిన ‘పెద్ద బాలశిక్ష’ తరతరాలుగా తెలుగు ఇండ్లలో అక్షరాలతోపాటు అంకెలను కూడా నేర్పినవి. గణితాన్ని తెలుగులో చెప్పే సంప్రదాయం ఇంకా పాతది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే తెనిగించాడు. కంఠస్థం చేయడాన్ని నేడు అందరూ నిందిస్తున్నారు గాని, ఒకంకె కూడికలు నోటికి వచ్చి ఉండడం మేలే. ఎనిమిదీ ఏడూ ఎంతో ప్రతిసారి వేళ్ళమీద లెక్కించేవాడు అసలు లెక్క ఏమిటో మరిచిపోతాడు. ఎక్కాల పుస్తకపు లోపం కంఠస్థం కాదు; అన్ని కూడికలను ఒకే వరుసలో, ఒకే ప్రాముఖ్యంతో ఉంచడం. ఎనిమిదీ రెండూ పది, ఏడూ మూడూ పది, ఆరూ నాలుగూ పది అనే జోడీలు మిగిలిన కూడికలన్నిటికీ తాళపుచెవి వంటివి. వాటిని విడిగా, ముందుగా నేర్పాలి.

ఇక పాతకాలపు పెద్దలు పుస్తకం లేకుండానే ‘చేతిలో ఒకటి’ని అర్థం చేసుకొన్న తీరు గమనించదగినది. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ధాన్యం కొలిచేటప్పుడు మూడు కుంచాలకు రెండు కుంచాలు కలిస్తే ఒక తూము, ఒక కుంచం అయ్యేది. అక్కడ ‘ఒకటి’ పైస్థానానికి పోవడమనేది కంటికి కనబడే మార్పిడి. నాలుగు కుంచాల గింజలే ఒక తూముగా లెక్కకెక్కేవి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు డబ్బు లెక్క కూడా ఇటువంటిదే. పదహారణాలు ఒక రూపాయి, పన్నెండు పైలు ఒక అణా. అప్పటి పిల్లలు నాలుగుల, పన్నెండుల, పదహారుల, ఇరవైల మార్పిళ్ళు చేయవలసి వచ్చేది. నేటి బిడ్డకు పదుల మార్పిడి ఒక్కటే చాలు. నెల్లూరు జిల్లాలో ధాన్యం బేరం నేటికీ పుట్ల లెక్కనే సాగుతున్నా, ఇప్పటి పుట్టి 850 కిలోలు. లోపలి లెక్క అంతా పదులలోనే. పని ఇంత సులభమైన తర్వాత కూడా దాని అర్థం తప్పిపోవడానికి కారణం, మార్పిడి కంటికి కనబడకుండా కేవలం అంకెల మీదనే జరగడం.

బజారు లెక్క, బడి లెక్క

బజారే నిజమైన బడి, పిల్లలను అంగడికి పంపితే లెక్కలు వాటంతటవే వస్తాయి అని మరికొందరు వాదిస్తారు. ఇందులో సగం సత్యముంది. 1985లో టెరెజిన్యా నూనెస్, డేవిడ్ కారహర్, అనాలూసియా ష్లీమన్ అనే పరిశోధకులు బ్రెజిల్ దేశంలోని రెసీఫె నగరంలో వీధులలో సరుకులు అమ్మే అయిదుగురు పిల్లలను పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. బేరంలో వచ్చిన లెక్కలలో వారు సరిగా చేసినవి 98 శాతం. అటువంటి లెక్కలనే కాగితం మీద వట్టి అంకెలుగా ఇచ్చినప్పుడు 37 శాతం. పిల్లలు కొద్దిమందే అయినా తేడా చాలా పెద్దది.

మన దేశంలో ఇంతకంటె చాలా పెద్ద పరిశీలన ఇటీవల జరిగింది. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకొన్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజారులలో పనిచేసే పధ్నాలుగు వందలకు పైగా పిల్లలను పరీక్షించి, 2025లో ఫలితాలను ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. బేరంలో చకచక లెక్క కట్టే పిల్లలు బడి తరహా లెక్కలో తడబడ్డారు. అంతకంటె ముఖ్యమైనది రెండో సగం: బడి లెక్కలు బాగా చేసే పిల్లలు బజారు లెక్క ఇచ్చినప్పుడు తడబడ్డారు. ఒకచోటి తెలివి మరొకచోటికి దానంతటది ప్రవహించలేదు. కనుక బజారు ఒక్కటే చాలదు, బడి ఒక్కటే చాలదు. రెండింటి మధ్య ఎవరో ఒకరు కాలువ తవ్వాలి. ఆ కాలువ తవ్వడానికి ఇంటిని మించిన చోటు లేదు.

పైగా బజారు కూడా మారిపోతున్నది. 2016లో యూపీఐ చెల్లింపులు ప్రారంభమైన తర్వాత చేపల తట్ట పక్కన కూడా ఫోనుతో చెల్లించే చీటీ కనబడుతున్నది. చిల్లర లెక్కపెట్టి ఇచ్చి పుచ్చుకొనే సందర్భాలు తగ్గాయి. పూర్వం పిల్లవానికి అప్రయత్నంగా దొరికిన నాణేల పాఠం ఇప్పుడు ఇంటివారు పూనుకొని చెప్పవలసినదైంది.

ఇంటిలో చేయదగిన క్రమం

దీనికి కావలసిన సామగ్రి కొబ్బరి ఈనెలు, నాలుగు దారపు ముక్కలు, లేదా కొన్ని పదిరూపాయల నోట్లు, రూపాయి నాణేలు. తీర గ్రామాలలో అయితే గవ్వలు, కొబ్బరి చిప్పలు.

మొదటి మెట్టు కట్టడం. చేతికి వచ్చినన్ని ఈనె ముక్కలు పిల్లవాని ముందు పోసి, పదేసి చొప్పున కట్టలు కట్టమనాలి. రెండు కట్టలు, విడిగా ఎనిమిది మిగిలితే, “రెండు పదులు, ఎనిమిది: ఇరవై ఎనిమిది” అని వాని చేతనే పలికించాలి. పెద్దవారే కట్టి ఇవ్వకూడదు. పది ముక్కలు ఒక కట్ట అయ్యే క్షణం పిల్లవాని చేతిలోనే జరగాలి.

రెండో మెట్టు పది జోడీలు. చేతిలో పది గవ్వలు తీసుకొని కొన్నిటిని పిడికిలిలో దాచి, మిగిలినవి చూపి, దాచినవెన్నో చెప్పమనాలి. ఇది ఆట, రోజుకు అయిదు నిమిషాలు చాలును. ఎనిమిది కనబడగానే రెండు అని తడుముకోకుండా చెప్పేవరకు ఇది సాగాలి.

మూడో మెట్టు నోటితో కూడడం. ఒక తట్టలో 28 చేపలు, మరొక తట్టలో 17 చేపలు. “ఇరవైకీ పదికీ ముప్పై. ఎనిమిదికి ఏడులోనుంచి రెండు ఇస్తే పది, ఇంకా అయిదు మిగిలింది. ముప్పై, పది, నలభై. అయిదు, నలభై అయిదు.” మరొక పిల్లవాడు, “ఇరవై ఎనిమిదికి రెండు కలిపితే ముప్పై, పదిహేడులో ఇంకా పదిహేను ఉంది, నలభై అయిదు” అనవచ్చు. ఇంకొకడు, “ముప్పైకీ పదిహేడుకీ నలభై ఏడు, ఎక్కువ వేసిన రెండు తీసేస్తే నలభై అయిదు” అనవచ్చు. మూడూ సరియైనవే. ఎవరి దారి వారిని చెప్పనిచ్చి, “ఎట్లా వచ్చింది నాయనా?” అని అడగడమే పెద్దల పని. నెదర్లాండ్స్‌లో చిన్నపిల్లల చేత పదేసి పూసలకు రంగు మారే నూరు పూసల దండ మీద ఇటువంటి గెంతులు వేయించి, తర్వాత అదే దండను కాగితం మీద ఒక గీతగా గీయించే పద్ధతి ప్రసిద్ధమైనది. రెండు రంగుల పూసలు, బలమైన దారం ఉంటే అటువంటి దండ ఏ ఇంటిలోనైనా తయారవుతుంది.

నాలుగో మెట్టు మార్పిడి. రెండు పదిరూపాయల నోట్లు, ఎనిమిది నాణేలు ఒకవైపు. ఒక నోటు, ఏడు నాణేలు మరొకవైపు. కలిపితే మూడు నోట్లు, పదిహేను నాణేలు. “పది నాణేలు నాకిచ్చి నోటు తీసుకో” అనాలి. నాలుగు నోట్లు, అయిదు నాణేలు. పిల్లవాని చేతిలోకి వచ్చిన ఆ నోటే చేతిలో ఒకటి. అది ఒక నోటు, కాని పది రూపాయలు. ఒకటి, పది ఏకకాలంలో ఎలా అవుతాయన్న చిక్కు ఇక్కడ విడిపోతుంది.

ఈ నాలుగు మెట్లు ఎక్కిన తర్వాతనే నిలువు కూడిక. అప్పుడు పైన వేసే చిన్న 1 ఒక రహస్య చిహ్నం కాదు. నోటు మారినట్టు వ్రాసుకొన్న గుర్తు. అప్పుడు కూడా “చేతిలో ఒకటి” అనక, “చేతిలో ఒక పది” అనడం మంచిది. ఆ ఒక్క మాట మార్పులో ఈ విమర్శ సారమంతా ఉంది. లెక్క మొదలుపెట్టే ముందు, “సుమారు ఎంత రావచ్చు?” అని అడిగే అలవాటు ఉంటే 315 అన్న సమాధానాన్ని పిల్లవాడే చూసి నవ్వుతాడు. తన తప్పు తాను పట్టుకొన్న పిల్లవానికి భయం ఉండదు.

నిలువు కూడికను ఎంత ఆలస్యం చేయాలన్న విషయంలో విద్యావేత్తలకు ఏకాభిప్రాయం లేదు. పియాజె శిష్యురాలైన కాన్‌స్టన్స్ కామీ, ఆన్ డామినిక్‌తో కలిసి 1998లో ప్రచురించిన వ్యాసంలో, మొదటి నాలుగు తరగతులలో ఈ సూత్రాలు పిల్లల ఆలోచనకు హానికరమని వాదించింది. 7 + 52 + 186 వంటి లెక్కను ఇచ్చినప్పుడు సూత్రం నేర్వని పిల్లలు సొంత ఆలోచనతో మెరుగ్గా చేశారని, సూత్రం నేర్చినవారి తప్పు సమాధానాలు అసలు సమాధానానికి చాలా దూరంగా ఉన్నవని ఆమె చూపింది. కాని ఆమె పరిశీలించిన తరగతులు కొద్ది. కారెన్ ఫ్యూసన్ వంటి పరిశోధకులు, పదుల కడ్డీలతో అంకెలను ముడిపెట్టి నేర్పితే నిలువు కూడికను కూడా చిన్నపిల్లలు అర్థంతో నేర్చుకోగలరని చూపారు. బడిలో నిలువు కూడిక ఎలాగూ చెబుతారు కనుక, మన ఇండ్లకు రెండో మార్గమే అనుకూలం. సూత్రాన్ని నిషేధించనక్కరలేదు, దాని కింద పునాది వేయాలి.

చదువురాని తల్లి

చివరకు ఒక ముఖ్యమైన విషయం మిగిలింది. కూడిక నేర్పాలంటే తాము చదువుకొని ఉండాలని ఎందరో తల్లులు అనుకొంటారు. తీరప్రాంతాలలో చేపల తట్ట దించి బేరం చేసే స్త్రీలలో బడి ముఖం చూడనివారున్నారు. వారు నలభై ఆరుకు ముప్పై ఎనిమిది కలపవలసి వస్తే కాగితం వెతకరు. నలభైకీ ముప్పైకీ డెబ్బై అని, ఆరుకీ ఎనిమిదికీ పధ్నాలుగు అని, ఎనభై నాలుగు అని క్షణంలో చెబుతారు. నాలుగేసి చొప్పున పుంజీల లెక్కన అమ్మే సరుకులను కూడా అంతే తేలికగా రూపాయలలోకి మారుస్తారు. అయినా బిడ్డ నోటుపుస్తకం తెరిచేసరికి, “నాకేం తెలుసు, నువ్వే చేసుకో” అని పక్కకు తప్పుకొంటారు. బడి లెక్క వేరు, తమ లెక్క వేరు అని వారి నమ్మకం. అది వారి తప్పు కాదు. ఒకటే దారి సరియైనదని చెబుతూ వచ్చిన చదువుకొన్నవారిది.

ఆమె చేసినది పదులను ముందు కలిపి, ఒకట్లలోనుంచి పదిని కట్టి, దానిని పదులలో చేర్చడం. లీలావతి అంగీకరించిన క్రమమే ఇది. రెండో తరగతి బిడ్డకు మొదట కావలసినదీ ఇదే. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకు చదవడం, ప్రాథమిక గణితం రావాలని 2021 జులైలో ప్రారంభమైన ‘నిపుణ్ భారత్’ పథకం 2026–27 సంవత్సరాన్ని గడువుగా పెట్టుకొన్నది. గడువులు ప్రభుత్వాలు పెట్టవచ్చు. సాయంత్రం పలక ముందు కూర్చొనేది మాత్రం తలిదండ్రులు. వారిలో ఎవరికి నోటి లెక్క వచ్చునో వారే ఆ ఇంటికి మొదటి గణితోపాధ్యాయులు. ఉపాధ్యాయులు తలిదండ్రుల సమావేశాలలో ఈ మాట స్పష్టంగా చెప్పి, ఆ నోటి లెక్కను బిడ్డ ముందు బిగ్గరగా, మెల్లగా, మెట్టుమెట్టుగా చేసి చూపమని కోరితే, నోటుపుస్తకంలోని చిన్న 1కి దాని నిజమైన విలువ తిరిగి వస్తుంది.